బొంకుల గుత్తి

గబ్బిలాలగిరిని చూడాలంటే గుండె గట్టిగా ఉండాలి, మెడ అంతకంటే గట్టిగా ఉండాలి. ఆ కొండ నిట్టనిలువునా మబ్బుల్లోకి దూసుకుపోయి ఉంటుంది మరి. నల్లరాతి గోడలు, గోడల నిండా చెక్కిన నాగపడగలు, పడగకో కెంపు. ఎండ పడి ఆ కెంపులన్నీ ఒక్కసారి మెరిశాయంటే కొండే కళ్ళెర్రజేసి చూస్తున్నట్టుంటుంది. శిఖరం మీద ఏడు బురుజుల కోట. కోట నడిబొడ్డున అడుగు కనిపించని అగాధం. అగాధం అడుగున ఒక మొసలి. పైనుంచి ఏదో ఒకటి పడుతూనే ఉండడం వల్ల ఆ మొసలికి నోరు మూసే అలవాటు తప్పి ముప్పై ఏళ్ళయింది.

ఇంతటి భయంకరమైన చోటికి భుజాన కావడి వేసుకుని, ఈల వేసుకుంటూ ఎక్కి వచ్చాడు మన మాచన. ధైర్యం కొద్దీ ఈల వేశాడనుకునేరు! పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, ఆ చప్పుడు ఎవరికీ వినపడకూడదని వేశాడు.

సంగతేమిటంటే, కాసారపురం రాజుగారి నిద్రను ధూమజటుడనే మాంత్రికుడు దొంగిలించి భరిణెలో పెట్టి ఆరు నెలలు దాటింది. నిద్ర లేని రాజు తన మానాన తాను మేలుకుని ఊరుకుంటాడా? పగలనక రాత్రనక దర్బారు తీర్చి మంత్రుల ప్రాణాలు తోడేస్తున్నాడు. ఆ అవస్థ చూడలేక రాకుమారి హేలావతి మగవేషం వేసుకుని, కావళ్ళు మోసే మాచనను తోడు తీసుకుని, భరిణె తెస్తానని బయల్దేరింది. పులిని దాటారు, ఊబిని దాటారు, పిచ్చెక్కిన ఏనుగును ఎలా దాటారో వాళ్ళకే తెలియదు. తీరా కొండ కిందికి చేరాక, నిన్న మాచన నీళ్ళకు వెళ్ళి వచ్చేలోపు రాకుమారి ఆగలేక ఒంటరిగా కోటలో దూరి పట్టుబడింది. అందుకే ఇవాళ మాచన తలనూనె అమ్మేవాడి వేషం కట్టి, కావడికి రెండు నూనెకుండలు తగిలించుకుని వచ్చాడు.

కోట గడప దాటగానే తాటిచెట్టంత రాక్షసి ఒకతె అడ్డం వచ్చింది. పేరు గుడ్లమ్మ. ఆ పేరెందుకొచ్చిందో ఆవిడ కళ్ళు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. తల మీద మాత్రం జుట్టు పలచబడి నడినెత్తిన బట్టతల నిగనిగలాడుతోంది.

"ఎవడివిరా నువ్వు?"

"తలనూనె అమ్ముకుంటానండీ, అమ్మగారూ."

"ఏ ఊరు?"

"సముద్రం అవతల ఏదో చిన్న దీవిలెండి."

"పనిచేస్తుందా నీ నూనె?"

"పనిచెయ్యడమా! మా తాత బోడిగుండుకు మూడు పూటలు రాస్తే మోకాళ్ళ దాకా జడ దిగిందండీ. పాపం, జడ అల్లేవాళ్ళు దొరక్క అవస్థ పడ్డాడు."

గుడ్లమ్మ చెయ్యి తనకు తెలియకుండానే నడినెత్తి మీదికి పోయింది. వెంటనే సర్దుకుని, "ఇక్కడ నీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?" అని గద్దించింది.

"అబ్బే, ఒక్కరూ తెలియదండీ."

రాక్షసి చెంబులోని పసుపునీళ్ళు తీసి వాడి మొహాన చిలకరించింది. మాచన నుదుటి మీద చుర్రుమని నాలుగు అంకె లేచింది.

"నాలుగు మాటలాడావు, నాలుగూ బొంకులే! ఓరి నీ నోరు పడ! ఈ గడప దాటాక ఎవరెన్ని అబద్ధాలాడితే ఆ అంకె నుదుటి మీద తేలుతుందిరా. ఒక్క ఊపున ఎంత పొడుగు చెప్పినా ఒకటే లెక్క. అంతకుముందువి మేం లెక్కపెట్టం. అవి కూడా రాయాలంటే ఎవడి నుదురూ చాలదు," అంటూ గుడ్లమ్మ కావడి లాగి పడేసి, కుండలోని నూనె చేతికంటినా చూసుకోకుండా వాణ్ణి పిలక పట్టి లేవదీసి, అగాధం మీదికి సాచింది.

అక్కడి దృశ్యం చూసి మాచన పై ప్రాణాలు పైనే పోయాయి. అగాధం మీద రాతి దూలం. దూలానికి ఇనుప కడియం. కడియానికి పిలకతో వేలాడుతూ ఒక ముసలి వంటవాడు, నుదుటి మీద రెండు అంకె. ఆ వంటవాడు రెండు చేతులతో ఇద్దరిని జుట్టు పట్టుకుని ఉన్నాడు. వాళ్ళు మళ్ళీ తమ చేతులతో ఇంకొందరిని. అలా ద్రాక్షగుత్తిలాగా ఎనిమిదిమంది మనుషులు గాలిలో ఊగుతున్నారు. మంత్రబలం వల్ల జుట్టు నొప్పి పుట్టదు, పట్టు జారదు. వంటవాడి ఎడమచేతిలో పొడవాటి నల్లటి జడ, ఆ జడకు వేలాడుతూ ఆరు అంకెతో రాకుమారి హేలావతి!

"మాచనా!" అని అరిచింది రాకుమారి. "నువ్వెందుకొచ్చావు? నీకు బుద్ధుందా?"

"తమరికి ఉందా అండీ?" అన్నాడు మాచన. భయంలో మర్యాద మరిచిపోయాడు, పాపం.

"తెలిసినవాళ్ళెవరూ లేరన్నావు కదరా," అని గుడ్లమ్మ పళ్ళు నూరింది. "సరే, పద్ధతి విను, మళ్ళీ చెప్పను. ఇక్కడ తక్కువ బొంకినవాడు పైన, ఎక్కువ బొంకినవాడు కింద. తన కంటే పెద్ద అబద్ధాలకోరు కింద ఎవడూ వేలాడడు. కొత్తవాడు వస్తే పైనుంచి కుడిచేతుల వెంటే దిగాలి. తన అంకె కంటే పెద్ద అంకె తగిలినచోట ఆగి, వాడి స్థానం తాను తీసుకుని, వాణ్ణి తన చేతికింద పెట్టుకోవాలి."

అంటూనే దింపింది. వంటవాడి రెండు కంటే నాలుగు పెద్దది కాబట్టి మాచన వాడి కుడిచేతి దగ్గరికి దిగాడు. ఆ చేతిలో సోదె చెప్పే సిద్ధప్ప వేలాడుతున్నాడు. వాడి అంకె ఎనిమిది. గుడ్లమ్మ సిద్ధప్పను అవతలికి లాగి, వంటవాడి కుడిచేతికి మాచన పిలక అందించి, సిద్ధప్ప జుట్టును మాచన కుడిచేతిలో పెట్టింది. సిద్ధప్ప ఎడమచేతికి వేలాడే వాడి శిష్యుడు కూడా వెంటే వచ్చాడు.

"ఇప్పుడు చేతులు మార్చు! ఎడమచెయ్యి ఖాళీగా పెట్టుకుని కుడిచేత్తో పట్టుకుంటావేం?"

"ఏ చేత్తో పట్టుకుంటే ఏమండీ?"

గుడ్లమ్మ కళ్ళు చాటలంత చేసింది. "అదేరా ఇక్కడి కిటుకు! నీ నుంచి కిందికి దిగుతుంటే ఎడమపక్క అన్నిటికంటే దగ్గరి ఖాళీచెయ్యి ఎన్ని మెట్లలో ఉందో చూడు, మనిషికో మెట్టు. కుడిపక్కా చూడు. కుడిదూరం ఎప్పుడూ ఎడమదూరాన్ని మించకూడదు. మించిందా, ఎడమవాళ్ళను కుడికి, కుడివాళ్ళను ఎడమకు మార్చేసెయ్. అలా చేస్తే కుడిచేతి దారి ఎప్పుడూ పొట్టిగా ఉంటుంది. వెయ్యిమంది వేలాడినా ఆ దారిన పదిమంది కూడా తగలరు. నాకు పని తొందరగా తెములుతుంది, వేళకు అన్నం తింటాను."

మాచన సిద్ధప్పను ఎడమచేతికి మార్చుకున్నాడు. సిద్ధప్ప కిందనుంచి తల పైకెత్తి, "నీకు ఉన్నతస్థానం ప్రాప్తమని కనిపిస్తోంది నాయనా," అన్నాడు. వాడి నుదుటి అంకె కదల్లేదు. వాడి మాట నమ్మినవాళ్ళెవరూ లేరు.

"మాచనా, విను," రాకుమారి అవతలి చేతి కింద నుంచి గొంతు తగ్గించి అంది. "ఆ నీళ్ళతొట్టిలో చిల్లుగిన్నె ఉంది చూడు. మాంత్రికుడు స్నానానికి పోయాకే దాన్ని నీళ్ళలో వదులుతారు. గడియకోసారి అది మునుగుతుంది. మునగ్గానే కంచు కోతిబొమ్మ గంట కొడుతుంది. గంట కొట్టినప్పుడు కడియానికి ఉన్నవాళ్ళకు విడుదల. మాంత్రికుడికి వరమిచ్చిన యక్షిణి పెట్టిన షరతు అది. విడుదలైనవాళ్ళను ఒక గడియ దాకా వాడు కూడా ముట్టుకోలేడు. భరిణె ఆ ఎదుటి బురుజులోనే ఉంది, నేను కళ్ళారా చూశాను."

"అయితే గంటలు కొట్టనిద్దాం, తమ వంతూ వస్తుంది కదండీ."

"రెండు గంటలే మిగిలాయి. ధూమజటుడు నదీస్నానానికి పోయాడు. రెండో గంట తర్వాత వచ్చి, మిగిలినవాళ్ళందరినీ గబ్బిలాలు చేస్తాడట. ఈ కొండకు ఆ పేరు ఊరికే వచ్చిందనుకున్నావా?"

మాచన మనసులో లెక్క వేశాడు. ఒకటో గంటకు వంటవాడు. రెండో గంటకు తక్కువ అంకె ఎవరిది? నాలుగు. తనదే! వెధవది, ఇంకో రెండు మూడు బొంకులు ముందే బొంకి చావకపోయాను కదా అని తన నోటిని తానే తిట్టుకున్నాడు.

అంతలో గిన్నె బుడుంగున మునిగింది. కోతిబొమ్మ ఖంగున గంట కొట్టింది. వంటవాడు బెండులాగా తేలి గట్టు మీద పడి, వెనక్కి తిరిగి చూడకుండా పరుగో పరుగు. గుత్తి రెండు ముక్కలైంది, అందరి పట్టూ సడలింది. గుడ్లమ్మ ఎడమచేత్తో రాకుమారి గుత్తిని, కుడిచేత్తో మాచన గుత్తిని ఒడిసి పట్టుకుని, వడ్లు కొలిచేవాళ్ళలాగా లెక్క మొదలుపెట్టింది.

"లాభం! రెండు! మూడు! ఒరేయ్, నూరు అనేలోపు రెండు గుత్తులూ ఒకటి కాకపోతే కడియం ఊడిపోతుంది. అందరం మొసలి నోట్లోకే! నాలుగు, అయిదు... ఈ గుత్తి పైన ఆరు, ఆ గుత్తి పైన నాలుగు. నాలుగు పైకి!"

మాచన పిలక కడియానికెక్కింది. "ఎడమచేతివాళ్ళ జోలికి పోకు. నీ కుడిచేతి కింద ఉన్నవాళ్ళతో ఆ గుత్తిని కలపాలి. ఎవరూ లేరా? పని ఇంకా తేలిక, పట్టుకో!" అంటూ రాకుమారి జడను వాడి కుడిచేతికిచ్చింది. రాకుమారికి రెండు చేతులూ నిండుగా ఉన్నాయి. ఎడమచేత పాలమ్మే రంగసాని, కుడిచేత పదకొండు అంకె మల్లుజెట్టి. రంగసాని పాలలో నీళ్ళు కలపలేదని తొమ్మిదిసార్లు చెప్పింది. ఆవిడ రెండు చేతులకూ రాజుల్ని పొగిడి బతికే వందిమాగధులిద్దరు వేలాడుతున్నారు. వాళ్ళ అంకెలు పదిహేను, ఇరవై. గడప దాటాక గుడ్లమ్మను అందగత్తె అన్నారట.

"కుడిపక్క ఖాళీచెయ్యి దూరమైంది, మార్చు!" అంది గుడ్లమ్మ. రాకుమారి ఎడమకు, సిద్ధప్ప కుడికి మారారు. "ఇరవై రెండు... అంతే, అయిపోయింది!"

అయిపోయేదే, మాచన ఊరుకుని ఉంటే. కానీ వాడు ఏడేళ్ళ వయసు నుంచి కావడి మోసినవాడు. ఒక కుండలో చెంబెడు నీళ్ళు ఎక్కువైతే వాడి భుజం ఒప్పుకోదు. ఇప్పుడు చూస్తే ఎడమ అయిదుగురు, కుడి ఇద్దరు! "అయ్యో, ఒరిగిపోతోంది! జెట్టిగారూ, అటు దూకండి! సిద్ధప్పా, నీ కుడిచెయ్యి ఖాళీయే కదా, పట్టుకో ఆయన్ని!" అని అరిచాడు.

"వద్దురా మొద్దూ!" అని గుడ్లమ్మ గగ్గోలు పెట్టేసరికే మల్లుజెట్టి తన బొజ్జతో సహా గాలిలో ఊగి, సిద్ధప్ప కుడిచేతికి చిక్కాడు. నలుగురు ఇటు, ముగ్గురు అటు. మాచన భుజాలకు హాయిగా ఉంది. కడియం మాత్రం కిర్రుమంది, ఆగిన లెక్క మళ్ళీ పరుగందుకుంది. దూలం మీదనుంచి రాళ్ళు రాలాయి. కింద మొసలి నోరు ఇంకో జానెడు తెరిచింది.

"బరువెవడు అడిగాడురా నిన్ను?" గుడ్లమ్మ నెత్తి బాదుకుంది. "ఖాళీచెయ్యి చూడమన్నాను! జెట్టి పోయాక రాకుమారికి కుడిచెయ్యి ఖాళీ అయింది. ఎడమపక్క ఒకటో మెట్టులోనే ఖాళీ! సిద్ధప్పకు రెండు చేతులూ నిండాయి. కుడిపక్క రెండో మెట్టు దాకా ఖాళీ లేదు! ఎనభై ఎనిమిది, ఎనభై తొమ్మిది..."

"అయితే ఇప్పుడు?"

"మార్చు చేతులు! తొంభై ఒకటి!"

సిద్ధప్ప గుత్తిని ఎడమకు, రాకుమారి గుత్తిని కుడికి మార్చేసరికి తొంభై ఏడు. కడియం కుదుటపడింది. అందరి చేతులూ మళ్ళీ బిగుసుకున్నాయి. మల్లుజెట్టి కళ్ళు మూసుకుని ఇష్టదైవాలందరినీ పేరుపేరునా పిలుస్తున్నాడు.

కడియానికి మాచన. నుదుటి మీద నాలుగు. కుడిచేతిలో రాకుమారి జడ. తొట్టిలో గిన్నె మళ్ళీ మునగడం మొదలైంది.

"పోనీలే మాచనా, నువ్వైనా బయటపడు," అంది రాకుమారి పైకి చూస్తూ. "భరిణె తీసుకెళ్ళి నాన్నగారికి ఇవ్వు. నేను గబ్బిలాన్నయితే అయ్యానులే. పగలంతా పడుకోవచ్చు." నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఆ కళ్ళు చూశాక మాచన ఊరుకోలేకపోయాడు. బొంకితే అంకె పెరుగుతుంది. అంకె పెరిగితే తాను కిందికి దిగాలి, ఆమె పైకి రావాలి. ఆరు చాలదు, సమానమైతే ఉన్నవాడే ఉంటాడు. ఏడు కావాలి. మూడంటే మూడు బొంకులు!

"నేను మొసలిని!" అని అరిచాడు. అంకె కదల్లేదు. "మా అమ్మ కాకి! నాకు తొమ్మిది తలలు!" ఉహూఁ.

"ఎవడైనా నమ్మితేనేరా అది అబద్ధం," అంది గుడ్లమ్మ ఆవులిస్తూ. "నమ్మకపోతే అది ఒట్టి వాగుడు. వాగుడుకు లెక్కేముంది?"

మాచన ఆవిడ తల వంక తేరిపార చూశాడు. "అమ్మగారూ, ఇందాక కుండలోని నూనె తమ చేతికంటింది, ఆ చెయ్యి తలకు తగిలింది చూశారూ? అక్కడ అప్పుడే సన్నగా నూగులాగా మొలుస్తోందండీ."

"నిజంగానా?" రాక్షసి రెండు చేతులతో నెత్తి తడుముకుని మురిసిపోయింది. మాచన నుదుటి మీద అయిదు!

"జెట్టిగారూ! ఎందుకలా దిగులుగా ఉన్నారు? తమరు చిక్కిపోయారండీ. ఇంతసేపు తమరు నా చేతి కిందే వేలాడుతున్నా బరువే తెలియలేదు."

"నేను ముందే అనుకున్నాను," అన్నాడు జెట్టి సంబరంగా. ఆరు!

ఇంకొక్కటి. ఒక్కటే! కానీ ఇప్పుడు అందరికీ సంగతి తెలిసిపోయింది. సిద్ధప్పకు చెప్తే వాడు పకపకా నవ్వాడు. రంగసాని, "మాకు చెప్పొద్దు బాబూ, ఇవి మేం చెప్పేవే," అంది. గుడ్లమ్మ చెవులు మూసుకుంది. గిన్నె అంచు నీటికి సమంగా వచ్చింది. కోతిబొమ్మ చెయ్యెత్తింది.

మాచన కిందికి చూశాడు. తన కుడిచేతి కింద, తన వంకే చూస్తున్న ఆ ముఖాన్ని చూశాడు. మొహం మాడ్చుకుని, ఎంత విసురుగా అనగలడో అంత విసురుగా అన్నాడు.

"రాకుమారిగారూ, నేను తమ కోసం ఇంత దూరం వచ్చాననుకుంటున్నారేమో! తిరిగొస్తే రాజుగారు నాకు గుర్రపుశాల పెద్దరికం ఇస్తానన్నారు, అందుకొచ్చాను. పులి దగ్గరా, ఊబి దగ్గరా తమ చెయ్యి పట్టుకుంది కూడా అందుకే. తమరంటే నాకు వీసమెత్తు ఇష్టం లేదు."

హేలావతి ముఖం తెల్లబోయింది. తల దించుకుంది. నమ్మేసింది, పిచ్చిపిల్ల!

చుర్రుమంది మాచన నుదురు.

"ఏడు!" అని కేకపెట్టింది గుడ్లమ్మ. "ఓరి వీడి దుంపతెగ! ఆరు మీద ఏడా? దిగు, దిగు!" మాచనను కడియం నుంచి పీకేసింది. "ఆరూ ఎనిమిదీ, ఆరు పైకి!" రాకుమారి జడ కడియానికెక్కింది. సిద్ధప్ప గుత్తి ఆమె కుడిచేతి దగ్గరికొచ్చింది. "ఇప్పుడు ఏడు దిగాలి! ఆరు కంటే పెద్ద, ఎనిమిది కంటే చిన్న, ఇక్కడే ఆగు!" మాచన పిలక రాకుమారి కుడిచేతిలో పడింది, సిద్ధప్ప వాడి కుడిచేతిలోంచి ఎడమచేతికి మారాడు.

పిలక చేతికందగానే హేలావతి కిందికి చూసింది. చూస్తే ఇంకేముంది, ఎదురుగా వాడి నుదురు, దాని మీద మెరుస్తున్న ఏడు. అది ఆరు నుంచి ఏడు ఎప్పుడైందో, ఏ మాటకైందో ఆమెకు గుర్తొచ్చింది.

గంట ఖంగుమంది.

రాకుమారి తేలిపోయి గట్టు మీద నిలబడింది. వెనకాల గుడ్లమ్మ అరుపులతో గుత్తి మళ్ళీ అతుక్కుంది. మాచన కడియానికెక్కాడు, రంగసాని గుత్తి వాడి కుడిచేతికొచ్చింది. రెండు పక్కలా దూరాలు సమానం, మార్చే పనిలేదు. ఇక కొట్టే గంట కూడా లేదు. కోట మెట్ల మీద తడి పావుకోళ్ళ చప్పుడు టకటకమని దగ్గరవుతోంది. ధూమజటుడు స్నానం ముగించుకుని వస్తున్నాడు. బురుజు ఎదురుగా ఉంది, భరిణె అందులో ఉంది, చేతిలో ఉన్నది ఒక్క గడియ.

"పరుగెత్తండి!" అని అరిచాడు మాచన. "ఇంకా నిలబడతారేం?"

హేలావతి అగాధం అంచుకు వచ్చి, నడుముకు చేతులు ఆనించి, వాడి నుదుటికేసి సూటిగా చూసింది.

"పోతాను. ముందు ఇందాకటి మాట మళ్ళీ చెప్పు."

"ఏ మాటండీ?"

"నేనంటే ఇష్టం లేదన్నావే, అది."

పావుకోళ్ళ చప్పుడు ద్వారం దాకా వచ్చేసింది. మాచన ఊపిరి బిగబట్టి, గొంతు చించుకుని అరిచాడు. "ఇష్టం లేదు! ఇష్టం లేదు! వీసమెత్తు ఇష్టం లేదు! వెళ్ళండి మహాప్రభో!"

గుడ్లమ్మ చూసింది. జెట్టి చూశాడు. ఇరవై బొంకులు బొంకిన వందిమాగధుడు కూడా మెడ సాచి చూశాడు. మాచన నుదుటి మీద ఏడు ఏడుగానే ఉండిపోయింది. ఈసారి ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు.